‘జై భీమ్’ లాయరు గారు పని ఎక్కడ నేర్చుకున్నారు?

(కలిదిండిలో జరిగిన మన ఎరుకల యువజన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



‘జై భీమ్’ సినిమా చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. 2021 నవంబరులో అది ఫోన్లలోకి వచ్చిన దగ్గర్నుంచి మన పేటల్లో ఎక్కడ చూసినా దాని మాటే. సూర్య నల్లకోటు వేసుకుని నడిచే సీను చూసి మా ఇంటి పిల్లలే “పెద్దయ్యాక లాయర్నవుతా” అన్నారు. మాకు సంతోషమే. అయితే ఇన్ని నెలలుగా ఆ సినిమా గురించి మాట్లాడుకుంటున్నా, ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఆ లాయరు ఆ పని ఎక్కడ నేర్చుకున్నారు? ఎవరి దగ్గర? ఆకాశం నుంచి ఊడిపడలేదు గదా. ఈ సాయంత్రం ఆ సంగతే చెప్పుకుందాం.

ముందు సినిమాలో మార్చిన ముక్క ఒకటి. తెర మీద వాళ్ళను ఇరులర్లు అని చూపించారు. అసలు కేసులో చనిపోయిన రాజకన్ను కురవర్ మనిషి. కురవర్ అంటే ఎవరు? తమిళనాడులో కురవర్, కర్ణాటకలో కొరచ, కొరమ, మన దగ్గర ఎరుకల. ఒక చెట్టు కొమ్మలే. మన నాయనమ్మలు మాట్లాడే కుర్రు భాషలో అంత తమిళం ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? బుట్ట అల్లడం, పందుల్ని మేపడం, ఎరుక చెప్పడం అక్కడా ఇక్కడా అవే. దొంగతనం ఎక్కడ జరిగినా ముందు మన గుడిసె తలుపే తట్టడం కూడా అక్కడా ఇక్కడా ఒకటే. కాబట్టి అది పరాయివాళ్ళ కథ కాదు.

ఆ కేసు వాదించినాయన పేరు కె.చంద్రు. తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 2006 నుంచి 2013 వరకు, ఏడేళ్ళు నిండకుండానే దాదాపు 96,000 కేసులు పరిష్కరించారని పేపర్లు రాశాయి. ఆయన లా చదివి మద్రాసులో చేరిన ఆఫీసు పేరు ‘రో అండ్ రెడ్డి’. పేరు వింటే ఏదో పెద్ద కంపెనీ అనిపిస్తుంది. కాదు. పేదవాళ్ళ కేసులు, కార్మికుల కేసులు పట్టే చిన్న లాయర్ల ఆఫీసు. ఇద్దరు భాగస్తుల పేర్లు కలిపి పెట్టుకున్న బోర్డు. ఆయన అక్కడ ఎనిమిదేళ్ళు పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నారు. ఎనిమిదేళ్ళు! మన పిల్లలు ఎనిమిది నెలలకే “సీనియరు ఏమీ ఇవ్వడం లేదు” అని సెల్ ఫోన్ల షాపులో చేరిపోతున్నారు. తప్పు వాళ్ళదని అనడం లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి మరి. ఆ సంగతికి మళ్ళీ వస్తాం.

మద్రాసు ఆఫీసుతో కలిదిండికి ఏం పని అంటారేమో. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. కృష్ణా జిల్లా రైతు పెద్ద దావా వేసినా, మన తాతమీద శిక్ష పడి అప్పీలు చేసుకోవాలన్నా రైలెక్కి మద్రాసు వెళ్ళాల్సిందే. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 1954లో. అప్పీలుకు మనవాళ్ళెవరూ వెళ్ళలేదు, అది వేరే సంగతి. రైలు టిక్కెట్టుకు డబ్బులు ఉండాలి, ఊరు దాటడానికి చీటీ ఉండాలి.

చీటీ అంటే మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. 1924లో మళ్ళీ గట్టిగా రాశారు. ఆ చట్టం పనిచేసే తీరు చాలా సులువు. గవర్నమెంటు గెజిట్‌లో ఒక ప్రకటన వేస్తుంది, ఫలానా కులం నేరస్థుల కులం అని. అంతే. ఆ రోజు నుంచి ఆ కులంలో పుట్టిన ప్రతివాడి వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు వేస్తారు, ఊరు మారితే చెప్పాలి. మనవాళ్ళలో చాలామందిని సెటిల్‌మెంట్లలోకి తోలారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి పెట్టిందే. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో మెంబరుగా ఉన్న హెరాల్డ్ స్టూవర్టు దొర పేరది. ఈ రోజుకీ ఆ ఊరి పేరు చెబితే సినిమావాళ్ళకు దొంగలే గుర్తొస్తారు. ఆ ఊళ్ళో పుట్టి టీచర్లయినవాళ్ళు, ఇంజినీర్లయినవాళ్ళు ఎవరికీ గుర్తురారు.

ఇందులో మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ గెజిట్ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ఆ చట్టంలోనే రాసిపెట్టారు. నువ్వు దొంగవి కాదని రుజువు చేసుకుందామన్నా వినే కుర్చీ లేదు. కొట్టిన దెబ్బలకంటే, వేసిన సంకెళ్ళకంటే మన జాతిని ఎక్కువ దెబ్బతీసింది ఆ ఒక్క వాక్యమని మా అభిప్రాయం. కోర్టు అంటే మనకు శిక్ష వేసే చోటే గాని, మన మాట వినే చోటు కాదని నాలుగు తరాల బుర్రలో నాటుకుపోయింది. ఇప్పటికీ మన పెద్దవాళ్ళు కోర్టు నోటీసు వస్తే చదివించుకోరు. ఊరు వదిలి వెళ్ళిపోతారు.

మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో తీసేసింది. దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. అది పోవడానికి పాటుపడినవాళ్ళలో మన తెలుగు ప్లీడరు ఒకాయన ఉన్నారు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు. యానాదుల కోసం మొదలుపెట్టి మనందరి గురించీ జీవితమంతా పనిచేశారు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన మన కులంవాడు కాదు. కానీ ఆయన ఫోటో మన సంఘం గోడకు లేకపోవడం మాకు నచ్చని విషయం. ఈ సంచిక వెలువడేలోపు తగిలించమని కార్యవర్గాన్ని అడిగాం.

ఇప్పుడు మళ్ళీ ఆ చిన్న ఆఫీసుకి వద్దాం. రో అండ్ రెడ్డిలో రో అంటే వి.జి.రో. ఈయన లాయరే గాక పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘానికి ప్రధాన కార్యదర్శి. 1947 నవంబరులో రిజిస్టరయిన సంఘం. అది కమ్యూనిస్టులకు సాయపడుతోందని అనుమానించి మద్రాసు ప్రభుత్వం 1950 మార్చి 10న చట్టవిరుద్ధ సంఘమని ప్రకటించింది. ఎక్కడ ప్రకటించింది? గెజిట్‌లో. చూశారా, అదే గెజిట్. మనుషులు మారారు, జెండా మారింది, పద్ధతి మారలేదు. ప్రభుత్వం మనసులో అనుకుంటే చాలు, సంఘం నేరమైపోతుంది. అభ్యంతరం ఉంటే రాసి పంపు, మేము పెట్టిన సలహా సంఘం చూస్తుంది అన్నారు. ఆ సలహా సంఘం ముందుకు నువ్వు వెళ్ళి మాట్లాడే హక్కు లేదు, లాయర్ని పెట్టుకునే హక్కూ లేదు.

లాయరు కాబట్టి రో ఊరుకోలేదు. ఏప్రిల్లోనే తన పేరు మీదే హైకోర్టుకెక్కారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. సిరా ఇంకా ఆరలేదనుకోండి. ముగ్గురు జడ్జీల బెంచి విన్నది. ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నారు గారు. తెలుగువాడు, ‘తప్పెవరిది’ నాటకం రాసినాయనే. 1950 సెప్టెంబరు 14న ఆ చట్టం చెల్లదని కొట్టేశారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1952 మార్చి 31న అయిదుగురు జడ్జీలూ రో పక్షానే చెప్పారు.

ఆ తీర్పు లా చదివే ప్రతి పిల్లవాడి పుస్తకంలో ఉంటుంది. దాని సారం మామూలు మాటల్లో చెప్తాం. మనుషులు సంఘం పెట్టుకోవడం హక్కు. ఆ హక్కును ప్రభుత్వం బిగించవచ్చు, కానీ ఆ బిగింపు సబబుగా ఉండాలి. సబబు అవునా కాదా అని తేల్చేది ప్రభుత్వం కాదు, కోర్టు. తేల్చేటప్పుడు ఏ హక్కు మీద దెబ్బ పడుతోంది, ఎందుకు, ఆపదలచుకున్న చెడు ఎంత పెద్దది, దానికి వేసిన మందు మరీ ఎక్కువైందా, అప్పటి పరిస్థితులేమిటి అన్నీ చూడాలి. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా గెజిట్‌లో ఒక్క ముక్క వేసి సంఘాన్ని నేరం చేయడం సబబు కాదు. ఇదీ తీర్పు.

మన చట్టం పోయింది ఈ తీర్పు వల్ల కాదు. అది వేరే పోరాటం. కానీ ఒక్కటి గమనించండి. మన తాతలకు ‘ఏ కోర్టూ ప్రశ్నించకూడదు’ అని మూసిన తలుపు ఎలాంటిదో, అలాంటి తలుపును ఒక చిన్న ఆఫీసు లాయరు తానే ఫిర్యాదుదారుగా నిలబడి తెరిపించాడు. అదే 1952లో, అయిదు నెలల తేడాతో, మన పేరు మీది మచ్చా పోయింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చెప్పిన పాఠం మేమెక్కడా చదవలేదు. అందుకే చెప్తున్నాం.

ఆ ఆఫీసులోకే చంద్రు 1976లో జూనియరుగా వచ్చారు. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు. అప్పటికే విద్యార్థి ఉద్యమాల్లో తిరిగిన కుర్రవాడు. జూనియరు అంటే ఏమిటో ఇక్కడున్న పిల్లలకు చెప్పాలి. పొద్దున్నే కట్టలు సర్దాలి. ఏ కేసు ఏ హాల్లో ఎన్నో నెంబరులో ఉందో చూసి రావాలి. సీనియరు రాకపోతే వాయిదా అడగాలి. నకళ్ళకు దరఖాస్తు పెట్టాలి. పార్టీ చెప్పే రెండు గంటల ఏడుపులోంచి రెండు పేరాల అఫిడవిట్ తీయాలి. సినిమాలో ఇవేవీ ఉండవు, ఉంటే ఎవరూ చూడరు. అసలు పని మాత్రం అదే.

1993 మార్చిలో విరుధాచలం వైపు ఒక పల్లెలో నగలు పోయాయని రాజకన్నును పోలీసులు పట్టుకెళ్ళారు. కస్టడీలో చనిపోయాడు. తప్పించుకుని పారిపోయాడని పోలీసులు చెప్పారు. ఆయన భార్య ఊరుకోలేదు. ఆమె వెనక ఆ ప్రాంతపు వామపక్ష కార్యకర్తలు నిలబడ్డారు. మద్రాసులో చంద్రు హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. మనిషిని కోర్టు ముందు చూపించండి అనే పిటిషన్ అది. మామూలుగా అందులో సాక్షుల్ని విచారించరు. ఎమర్జెన్సీలో కేరళలో పోలీసుల చేతుల్లో మాయమైన విద్యార్థి రాజన్ కేసును ఉదాహరణగా చూపించి సాక్షుల్ని విచారించేలా చేయడం మీరు సినిమాలో చూశారు. చివరికి అయిదుగురు పోలీసులకు శిక్షలు పడి ఈ వ్యవహారం తేలింది 2006లో. పదమూడేళ్ళు. సినిమా దాదాపు రెండుముప్పావు గంటలు.

ఆ పదమూడేళ్ళే మాకు ముఖ్యం. ఒక్క హీరో కోపం పదమూడేళ్ళు నిలవదు. కట్ట పోకుండా దాచే బీరువా కావాలి. వాయిదా తప్పకుండా రాసుకునే డైరీ కావాలి. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు వెళ్ళాలి. ఒకరు జడ్జి అయిపోతే, ఒకరు కాలం చేస్తే, కట్ట ఇంకొకరి బల్ల మీదకు వెళ్ళాలి. దాన్నే ఆఫీసు అంటారు. భాగస్తులు అన్న మాటకు అర్థం అదే. ఫీజు పంచుకోవడం తర్వాత, బరువు పంచుకోవడం ముందు.

మన తెలుగునేలకు గొప్ప లాయర్లు తక్కువేమీ కాదు. నెల్లూరులో ఉండి హైదరాబాదు చేరిన కె.జి.కన్నబిరాన్ గారు పార్వతీపురం కుట్రకేసులో శ్రీకాకుళం గిరిజన పోరాటంవాళ్ళ తరఫున నిలబడ్డారు. కోనసీమలో పుట్టిన బొజ్జా తారకం గారు ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని చిన్న పుస్తకం రాశారు. అది చదివితే స్టేషనులో ఏం అడగాలో తెలుస్తుంది. 1985లో కారంచేడు దళితులను చంపినప్పుడు ఆయన ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగం వదిలేశారు. లెక్కల పాఠాలు చెప్పే కె.బాలగోపాల్ గారు మధ్యవయసులో నల్లకోటు వేసుకుని 2009లో పోయేదాకా పేదల కేసులే వాదించారు. వీళ్ళందరూ పెద్దలు. కానీ ముగ్గురూ హైదరాబాదు హైకోర్టు చుట్టూ ఉన్నవాళ్ళే. కలిదిండి మనిషిని రాత్రి పదింటికి జీపెక్కిస్తే ఆ పెద్దల పేర్లు పనికొస్తాయా? పొద్దున్న కైకలూరు కోర్టులో బెయిలు పిటిషన్ పెట్టేవాడు కావాలి.

పైగా మనది మైదాన ప్రాంతం. ఏజెన్సీలో కొండరెడ్డికో, కోయకో ఉన్న 1 ఆఫ్ 70 చట్టం మనకు లేదు. మన పేట స్థలం పోతే ఏజెన్సీ కోర్టు లేదు. మనకున్నది మామూలు సివిలు కోర్టు, మామూలు మేజిస్ట్రేటు కోర్టు. ఈ కలిదిండి పేరు మీద రాజరాజ నరేంద్రుడి రాగి శాసనం ఉంది. వెయ్యేళ్ళ క్రితమే గుళ్ళకు ఇచ్చిన దానాలను రాగిమీద చెక్కించిన ఊరు ఇది. అంత పత్రాల ఊళ్ళో మన పేటలో ఎన్ని ఇళ్ళకు కాగితం ఉందో ఈ సాయంత్రం ఇంటికెళ్ళి అడగండి. చేపల చెరువు దగ్గర మోటారు పోయినా, రొయ్యల చెరువు దగ్గర ఏరేటరు వైరు పోయినా కాపలాకున్న మనవాడి మీదే చూపు పడుతుంది. కాపలాకు పెట్టుకునేదీ మనల్నే, అనుమానించేదీ మనల్నే.

చట్టంలో మనకు ఏముందో కూడా చెప్తాం. ఎస్టీ మనిషి మీద కావాలని తప్పుడు కేసు పెడితే అదే నేరం. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(పి). అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది, 22వ అధికరణం. లాయరుకు డబ్బులు లేవా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్టీలకు ఆదాయం ఎంతని అడగకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార సంఘానికి దరఖాస్తు పెడితే చాలు. ఇన్ని ఉన్నా మనవాళ్ళు వాడుకోవడం లేదు. ఎందుకంటే దరఖాస్తు రాసేవాడు మన భాషలో “ఏం జరిగింది పెద్దమ్మా” అని అడిగేవాడు కాదు.

కాబట్టి మా కోరిక ఇది. మన పిల్లల్లో లా చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో కలిసి కైకలూరులో ఒక ఆఫీసు పెట్టాలి. ఒక్కొక్కరు ఒక్కో సీనియరు దగ్గర విడివిడిగా బల్ల చివర కూర్చోవడం వద్దనడం లేదు. మూడు నాలుగేళ్ళు అలా నేర్చుకోండి. తర్వాత కలవండి. 1932 భాగస్వామ్య చట్టం కింద ఒక ఒప్పందపత్రం రాసుకుంటే సరిపోతుంది. ఎవరి వాటా ఎంత, అద్దె ఎవరు కట్టాలి, ఒకరు వెళ్ళిపోతే కట్టలు ఎవరివి అన్నది మొదటిరోజే రాసుకోండి. స్నేహం ఉంది గదా అని రాసుకోకపోతే స్నేహమే ముందు పోతుంది. రెండు జాగ్రత్తలు. లాయరు కానివాడితో ఫీజు పంచుకోకూడదు, అంటే మన సంఘం దీనిలో భాగస్తు కాలేదు. పేపర్లో, ఫ్లెక్సీలో ప్రకటనలు వేయకూడదు. బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. మన కుర్రాళ్ళకు ఫ్లెక్సీ లేకుండా ఏదైనా మొదలుపెట్టడం కష్టమే, అయినా తప్పదు.

ఖర్చు భయం ఒకటి ఉంది. పేరు నమోదుకే కొన్ని రాష్ట్రాల్లో వేలకు వేలు గుంజేవాళ్ళు. 2024 జులై 30న సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. అడ్వకేట్స్ చట్టంలో రాసినంతే తీసుకోవాలంది. ఎస్సీ, ఎస్టీలకు అది 125 రూపాయలు. ఇంకా ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి. ఏలూరులోనే లా కాలేజీ ఉంది, లాసెట్ రాసి చేరవచ్చు. అసలు భయం మొదటి మూడేళ్ళు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జూనియర్లకు నెలకు 5,000 ఇచ్చే పథకం పెట్టింది. ఆ లెక్కనే చూసుకుంటే ఒక పిల్లని మూడేళ్ళు నిలబెట్టడానికి 1,80,000 కావాలి. మన పేటలన్నీ కలిస్తే అది మోయలేని బరువు కాదని మా లెక్క. ఒక్క పెళ్ళిలో డీజేకి, భోజనాలకి అంతకంటే ఎక్కువే పెడుతున్నాం. పిల్ల అన్నాం, గమనించారా? కస్టడీ కేసుల్లో ముందు స్టేషనుకు పరుగెత్తేది తల్లులూ భార్యలే. వాళ్ళు అన్నీ విప్పి చెప్పేది ఆడపిల్లకే.

చదువు అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టగల పని ఒకటుంది. మీ ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో, దేవుడి గూట్లో, చూరులో తాతల నాటి కాగితాలు ఉంటాయి. సెటిల్‌మెంటు చీటీలు, హాజరు పుస్తకాలు, పట్టాలు, పాత కేసుల నకళ్ళు, బెయిలు కాగితాలు. చెదలు తినకముందే తీయండి. వచ్చే ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి సంఘం గదిలో లా చదువుతున్న మన ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. ఏ ఇంటి కాగితం, ఏ సంవత్సరం, ఏ కోర్టు అని రిజిస్టరులో రాస్తారు. అసలు మీకే తిరిగి ఇచ్చేస్తారు. జిరాక్సు ఖర్చు సంఘానిది. చదవడం రాని పెద్దమ్మలు పెట్టెతో సహా తెచ్చినా ఫర్వాలేదు, ఆటో పంపిస్తాం.